బూడిద కలిపిన చేప విత్తనం

మొన్న నంద్యాలలో మా ఇంటి దగ్గర కొత్తగా తెరిచిన పెద్ద అంగట్లో, బిస్కెట్లకీ సబ్బులకీ నడుమ రొయ్యపొట్టు పొట్లం కనబడింది. ప్లాస్టిక్ సంచిలో నీటుగా సీలు వేసి, దాని మీద నవ్వుతున్న రొయ్య బొమ్మ వేశారు. తనను ఎండబెట్టి పొట్లం కట్టినందుకు ఆ రొయ్యకు అంత సంతోషం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇంటికి తెచ్చి విప్పితే అందులో ఇసుక లేదు, వాసనా లేదు. పెనం మీద వేసి వేయించినా మా ఇంటాయన ముక్కు మూసుకోలేదు. నా దృష్టిలో అదే పెద్ద లోపం. ఎండుచేప వేయిస్తే నాలుగిళ్ళ అవతలివాళ్ళకు ఆకలి వెయ్యాలి, ఐదో ఇంటివాళ్ళకు కోపం రావాలి. నేను అట్లాంటి ఇంట్లో పెరిగాను. కంపు లేని ఆ పెనం ముందు నిలబడితే మా అత్త గుర్తొచ్చింది, ఆ పూట ఇక వేరే పని చెయ్యబుద్ధి కాలేదు.

అత్త అంటే మా నాయనకు అక్క. మా నాయన దొర్నిపాడు చుట్టుపక్కల పల్లెల్లో మిషను బడి అయ్యవారు. ఆయనకు బదిలీలు ఎక్కువ. దానివల్ల నా చదువు పాడు కాకూడదని నన్ను ఆళ్ళగడ్డలో అత్త దగ్గర వదిలిపెట్టాడు. ఒకటి రెండేళ్ళ మాట అన్నారు. హైస్కూలు అయింది, నంద్యాలలో టీచరు ట్రైనింగూ అయింది, తిరిగి ఆళ్ళగడ్డలోనే ఉద్యోగమూ వచ్చింది, నేను మాత్రం ఆ ఇంట్లోంచి కదల్లేదు. అత్తకు పిల్లలు లేరు. మామ పోయాక భూమిలో ఆమె భాగం కింద మరుదులు ఏటా జొన్నలూ శెనక్కాయలూ పంపేవాళ్ళు. వాటితో ఒక మనిషి బతకొచ్చు గానీ మేనకోడలిని చదివించడం అయ్యే పని కాదు. అందుకని ఆమె సంతలో ఎండుచేపలు అమ్మింది. నా పలకా, నా పుస్తకాలూ, ట్రైనింగుకు కట్టుకుపోయిన చీరలూ అన్నీ ఆ గంపలోంచి వచ్చినవే.

ఆ గంప మమ్మల్ని ఎక్కడా దాక్కోనిచ్చేది కాదు. బడిలో నా పక్కన కూర్చునే పిల్లలు గాలి ఎటు వీస్తోందో చూసుకుని జరిగేవాళ్ళు. బస్సులో కండక్టరు అత్త మూటను పైకెక్కించి, వీలైతే అత్తనూ పైకెక్కించాలన్నట్టు చూసేవాడు. గుడిలో ఆదివారం మేము కూర్చున్న చాప చుట్టూ ఎప్పుడూ కొంత ఖాళీ మిగిలేది. ఒకసారి గుడి పెద్ద ఒకాయన, సంత రోజు మర్నాడు కొంచెం బాగా స్నానం చేసి రమ్మని అత్తకు మెల్లగా చెప్పాడు. అత్త మెల్లగా చెప్పే మనిషి కాదు. "యేసయ్య ఎంబడి తిరిగినోళ్ళు చేపలోళ్ళే గదప్పా. ఆయనకు రాని కంపు నీకొచ్చిందా?" అంది. పాదిరిగారు దగ్గు తెచ్చుకుని గోడవైపు తిరిగారు. ఆయన నవ్వును ఆపుకుంటున్నారని నాకు తెలుసు. ఆయన ప్రతి పండక్కీ మా ఇంటి నుంచే ఎండు నెత్తళ్ళు తెప్పించుకునేవారు.

చేపలు తెచ్చేది సముద్రపు వదిన. ఆమెకు పేరు ఉండే ఉంటుంది, మా ఇంట్లో ఎవరూ వాడలేదు. చుట్టరికం లేకపోయినా అత్తా ఆమే ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు. సముద్రం ఒడ్డు పల్లె నుంచి గోనె మూటలతో రైలెక్కి నంద్యాల స్టేషన్‌లో దిగేది. అత్త ఆళ్ళగడ్డ నుంచి శెనక్కాయలూ చింతపండూ మోసుకుని బస్సులో వచ్చేది. ఇద్దరూ ప్లాట్‌ఫారం చివర, బొగ్గు ఇంజన్ పొగ తగలని చోట కూర్చుని మూటలు మార్చుకునేవాళ్ళు. ఇది ఇంత, అది అంత అని బేరం జరగడం నేనెప్పుడూ వినలేదు. వదిన నెత్తళ్ళూ, సావళ్ళూ, సొర ముక్కలూ, రొయ్యపొట్టూ ఇటు జరిపేది. అత్త తన మూట అటు జరిపేది. తర్వాత ఇద్దరూ సద్ది విప్పుకుని తినేవాళ్ళు. వదిన మాటలు సాగదీసి మాట్లాడేది, అత్త తుంచి మాట్లాడేది. వదిన "అదేంటొదినా" అంటే అత్త "అదేందీ లేదు, తిను" అనేది. రైలు వచ్చేదాకా అదే వాళ్ళ సంసారం.

మా అత్త సముద్రం ఎప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదనుకోండి, కానీ నా దగ్గర మ్యాపు ఉంది. అత్త దగ్గర గోనె మూట మాత్రమే ఉంది. ఆ మూటలో వచ్చినదాన్ని బట్టి ఆమె సముద్రాన్ని ఊహించుకుంది, అది కూడా పొలం లాగా ఊహించుకుంది. "ఈ ఏడు సంద్రం బాగా పండినట్లుందే" అనేది. వానాకాలం మొదట్లో వదిన రాకపోతే, ఆడచేప గుడ్లతో ఉంటుంది కాబట్టి పడవలు ఒడ్డెక్కిస్తారని వదిన ఎప్పుడో చెప్పిన మాట గుర్తుచేసుకుని, "పైరు ఈనే కాలం, దాంట్లోకి ఎవురూ దిగగూడదు" అని తనకు తాను సర్దిచెప్పుకునేది. మళ్ళీ వదిన వచ్చేదాకా సంతలో చింతపండు అమ్మేది. వాళ్ళ సముద్రానికీ మా మెట్ట చేలకూ అంత తేడా లేదని ఆమె నమ్మకం. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ నమ్మకంలో నాకు పెద్ద తప్పు కనబడదు.

నేను టీచరునైన కొత్తలో, అంటే ఎనభైలు మొదలైన రోజుల్లో, మూటలు చిన్నవి కాసాగాయి. ముందు సొర ముక్కలు ఆగిపోయాయి. తర్వాత సావళ్ళు జానెడు కూడా లేకుండా వచ్చాయి. వదిన రావడం కూడా తగ్గింది. అత్త గంప సగం చింతపండుతోనే నిండేది. చింతపండు అమ్మేవాళ్ళు సంతలో అడుగడుక్కీ ఉంటే ఎవరు కొంటారు? నా జీతం ఉంది కదా అంటే, "నా కూడు నేను సంపాదిచ్చుకుంటా పాపా, నీ జీతం నీ పెండ్లికి పెట్టుకో" అని కసిరేది. కసిరాక చాలాసేపు ఖాళీ గంపను దులుపుతూ ఉండేది. ఆ గంపే పోతే తాను మరుదుల గింజల మీద పడి బతకాలనే భయం ఆమెది. ఆ భయం ఆమె చెప్పలేదు, నాకు తెలిసింది.

అట్లాంటి రోజుల్లో ఒక ఉప్పు లారీ డ్రైవరు మా వాకిట్లో ఒక గోనె మూట దించి, "మీ వదిన పంపింది" అని చెప్పి వెళ్ళిపోయాడు. అత్త సంబరంగా కుట్లు విప్పింది. లోపల ఉన్నవన్నీ గోరంత చేపలు. అన్ని రకాలూ కలిసిపోయి, ఇసుకతో సహా ఎండిపోయి ఉన్నాయి. అత్త వాటిని చాప మీద పోసి రకం ప్రకారం ఏరడం మొదలుపెట్టింది. ఏరుతున్న కొద్దీ ఆమె ముఖం మారింది. ఇదిగో సొర పిల్ల, పొడుగ్గా ఉండేది సావ పిల్ల, ఇది పీత పిల్ల, కాళ్ళు కూడా సరిగ్గా రాలేదు. ఆమె ఇన్నేళ్ళుగా అమ్మిన చేపలన్నీ పసిబిడ్డలై చాప మీద పడుకుని ఉన్నాయి. కాసేపు చూసి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది.

"పాపా, ఇయి ఇత్తనాలు. వదిన పొరపాటున పంపిచ్చింది."

నేను నవ్వాను. చచ్చి ఎండిపోయిన చేప మొలవదత్తా అని, పిల్లలకు పాఠం చెప్పే గొంతుతో చెప్పాను. అత్త నన్ను జాలిగా చూసింది. "శెనక్కాయ ఇత్తనం ఎండదా? జొన్న ఇత్తనం ఎండదా? పచ్చిది యాడన్నా దాచి పెడ్తారామ్మే?" అంది. మా వైపు విత్తనం దాచే పద్ధతి ఒకటే, ఆమె ఆ పద్ధతి ప్రకారమే చేసింది. పొయ్యిలోంచి బూడిద తీసి జల్లించి ఆ చేపపిల్లలకు కలిపింది. నీడన ఎండిన వేపాకు వేసింది. పెద్ద కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, పైన పేడ మెత్తి అటకెక్కించింది. విత్తనం తినకూడదు కాబట్టి ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోకూడదని హుకుం జారీ చేసింది. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

ఈలోగా ఊరి బయట కొత్తగా కోళ్ళఫారం పెట్టిన రైతు ఒకాయన, ఉప్పు లారీ మా ఇంటి ముందు ఆగిందని విని వచ్చాడు. కోళ్ళ మేతలో చేపపొడి కలిపితే గుడ్లు బాగా పెడతాయట. "అక్కా, ఆ మూట నాకియ్యి, ఇంగ ఎన్ని మూటలొచ్చినా నేనే తీసుకుంటా" అన్నాడు. ఖాళీ గంప ముందు కూర్చున్న మనిషికి అంతకంటే ఏం కావాలి? నేనైతే కుండ దించడానికి లేచాను కూడా. అత్త మాత్రం ఆయన్ని ఎగాదిగా చూసి, "ఇత్తనాలు కోళ్ళకేస్తే వచ్చే ఏడు ఏం తింటావప్పా?" అంది. ఆయన పడీపడీ నవ్వాడు. మర్నాటికి సంత మొత్తానికి తెలిసిపోయింది. కూరగాయల వాళ్ళు కూడా "అక్కా, సంద్రంలో ఎప్పుడు దున్నుతాండావ్?" అని అడిగేవాళ్ళు. "వాన పడనీ" అని ఆమె తొణక్కుండా జవాబు చెప్పేది.

వదిన వస్తోందని కబురు తెలియగానే అత్త కుండలోది తిరిగి గోనెలోకి పోసి కుట్టేసింది. ఆ ఏడు మరుదులు పంపిన శెనక్కాయల మూటనూ కట్టింది. ఆ రోజు బడికి సెలవు కావడంతో నేనూ వెంట వెళ్ళాను. నంద్యాల స్టేషన్‌లో వదిన చిక్కిపోయి దిగింది. చేతిలో చిన్న సద్ది మూట తప్ప మరేం లేదు. అత్త క్షేమం కూడా అడక్కుండా గోనె ముందుకు తోసి, "నీ ఇత్తనం బద్రంగా పెట్టినా వదినా. బూడిద కల్పినా, పురుగు పట్టలేదు" అంది.

వదినకు ముందు అర్థం కాలేదు. కుట్లు విప్పి, బూడిద కొట్టుకున్న చేపపిల్లల్ని చేతిలోకి తీసుకుని, వేపాకు చూసి, ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ప్లాట్‌ఫారం మీద కూలబడింది. ఆ నవ్వు ఏడుపు ఎప్పుడైందో పక్కనే ఉన్న నాకు కూడా తెలియలేదు.

"విత్తనాలు కావొదినా," అంది చివరికి. "వీటిని చెత్తచేప అంటారు మావాళ్ళు. మరపడవలు రొయ్య కోసం సముద్రం అడుగంతా గీకేస్తన్నాయి. రొయ్యని ఐసులో పెట్టి పై దేశాలకి పంపేస్తారు. దాంతో పాటు పడిన ఈ పిల్లల్ని ఒడ్డున కుప్పలు పోస్తారు. మేం ఇసకలో ఎండబెట్టి కోళ్ళ మేతకి అమ్ముకుంటాం. మీ ఊళ్ళో కోళ్ళఫారం పెట్టారని లారీ అబ్బాయి చెప్తే, నీకూ బేరం దొరుకుద్దని పంపించా."

అత్త ఒక చేపపిల్లను తీసి దాని మీది బూడిదను కొంగుతో తుడిచింది. "అంటే ఇత్తనాలే గదా" అంది తర్వాత. "మీ ఇత్తనాలు మీరే అమ్ముకుంటాండారా?"

"తెలిసే అమ్ముతన్నా వదినా. మా చిన్న పడవకి ఏమీ పడట్లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలిగా."

ప్లాట్‌ఫారం మీద ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరి గంపలూ ఖాళీ, నడుమ ఒక మూట. దాన్ని కోళ్ళఫారానికి ఇచ్చేస్తే ఇద్దరూ గట్టెక్కుతారు. అత్త ఏం చేస్తుందోనని నేను చూశాను. అత్త శెనక్కాయల మూట తీసి వదిన ఒళ్ళో పెట్టింది.

"నీకివ్వడానికి నా దగ్గర చేప లేదొదినా" అంది వదిన.

"నేను అడిగినానా? ఇయి యేంచుకోని మీ ఒడ్డున అమ్ముకో. పెద్ద చేప పడితే నాలుగు తీసుకురా, పడకపోతే ఊరికే రా. ఈ ఇత్తనం మాత్రం తీసుకపోయి సంద్రంలో పొయ్యి."

చచ్చిన చేపల్ని నీళ్ళలో పోస్తే ఏమొస్తుందని నేను గొణిగాను. "నీ పాఠం బడిలో చెప్పుకో, గమ్మునుండు పాపా" అంది అత్త. వదిన రెండు మూటలూ ఎత్తుకుని రైలెక్కింది. బూడిద కడుక్కుని ఆ మూట ఎక్కడైనా అమ్ముకోవచ్చు, ఎవరూ చూడరు. ఆకలితో ఉన్న మనిషి అమ్మేసుకుంటే తప్పు పట్టే హక్కు కూడా మాకు లేదు. తిరుగు బస్సులో నేను ఆ మాటే అంటే, అత్త కొంగు తలమీదికి లాక్కుని కిటికీవైపు తిరిగింది.

ఆ కొన్ని నెలలూ అత్త ఒక పూట సంగటితో గడిపింది. నా జీతం ముట్టుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. కోళ్ళఫారం ఆయనకు మేత ఇంకెవరో తెచ్చిపెట్టారు, ఆయన పని ఆగలేదు. తర్వాత ఒక రోజు వదిన వచ్చింది. ఆళ్ళగడ్డ దాకా, మా వాకిట్లోకే వచ్చింది. శెనక్కాయలు వేయించి పడవలు ఆగే చోట అమ్ముకుంటోందట, పిల్లలు తింటున్నారట. మూటలో కొన్నే చేపలు, కానీ అన్నీ పెరిగినవి, ఏరి తెచ్చినవి. ఆ తర్వాత వాళ్ళ బేరం ఎప్పటికీ పాత రోజులంత పెద్దది కాలేదు గానీ ఆగిపోనూ లేదు. నా పెళ్ళి భోజనాల్లో ఆమె తెచ్చిన చేపలే వండారు.

ఆ రోజు వాకిట్లో మంచినీళ్ళు తాగి చెంబు కింద పెట్టగానే వదిన, "పోసేశానొదినా, పడవేసుకుని లోపలికెళ్ళి పోసొచ్చా" అంది. నేను ఆమె ముఖంలోకి చూశాను. అబద్ధం చెప్పే మనిషి అట్లా కళ్ళనిండా నీళ్ళు పెట్టుకోదు.

"మొలిచినాయా?" అంది అత్త.

వదిన నవ్వలేదు. "సముద్రం పెద్దదొదినా, కాస్త టైము పడుద్ది" అంది.

ఎండిన చేప మొలవదని అత్తకు ఎప్పటికైనా తెలిసిందో లేదో నేను అడగలేదు. ఆ తర్వాత వదిన ఎప్పుడు వచ్చినా అత్త ఆ ప్రశ్న అడిగేది, వదిన అదే జవాబు చెప్పేది, ఇద్దరూ సద్ది విప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరూ లేరు. చేప గుడ్లు పెట్టే కాలంలో కొన్నాళ్ళు మరపడవల్ని ఆపుతున్నారని పేపర్లో చదివినప్పుడల్లా, ఆ కబురు వాళ్ళకు చేరవేసే దారి లేదే అనుకుంటాను. కళ్ళతో చూడని సముద్రం నన్ను పెంచి, చదివించి, మనిషిని చేసింది. అందుకు నేను చేతులు జోడిస్తాను. దాని తిండి తిని నేను పెరగడానికి ఎన్నేళ్ళు పట్టిందో, కనీసం అన్నేళ్ళయినా అది మళ్ళీ పెరగడానికి మనం దానికి ఇవ్వాలి.