మడతలక్క లెక్క

మా పిన్నిని ప్రెస్సులో అందరూ మడతలక్క అంటారు. అచ్చయిన పెద్ద కాగితాన్ని మూడు మడతలు వేసి, చెక్క పట్టీతో ఒక్కసారి నొక్కిందంటే పదహారు పేజీలూ వరుస తప్పకుండా కూర్చుంటాయి. ఇరవై రెండేళ్లుగా అదే పని. నిన్నగాక మొన్న చేరినవాళ్లు సూపర్‌వైజర్లయి ఆమెకే పని చెబుతున్నారు. ఆ కుర్చీ ఎక్కాలంటే పదో తరగతి పాసవ్వాలి. పిన్ని చిన్నప్పుడు లెక్కల్లో తప్పింది.

నలభై మూడో ఏట మళ్లీ పరీక్షకు కట్టింది. "ఈసారి తప్పితే ఇక ఆ కుర్చీ వంక చూడను" అంది. లెక్కల టీచర్ని కదా అని నన్ను పట్టుకుంది. ప్రతి ఆదివారం వాళ్ల వంటగదిలో క్లాసు.

మిగతావన్నీ ఇట్టే పట్టేసింది కానీ ఘాతాంకాల దగ్గర మొరాయించింది. రెండు ఘాతం మూడును రెండు ఘాతం రెండుతో గుణించమంటే, మూడు రెళ్లు ఆరని రెండు ఘాతం ఆరు వేసేది. "ఘాతాంకాలను కూడాలి పిన్నీ, గుణించకూడదు" అని గొంతు పోయేలా చెప్పాను. పైగా రెండు ఘాతం సున్న వేస్తే ఒకటి వస్తుందంటే అస్సలు ఒప్పుకోలేదు.

"సున్న అంటే ఏమీ లేదనే కదే. ఒకటెక్కణ్ణుంచి ఊడిపడింది?"

"రూల్ అంతే. బట్టీ పట్టు."

"నాకలా ఎక్కదు."

నాకు ఒళ్లు మండింది. "ఎలా ఎక్కుతుందో నువ్వే చూసుకో" అని పుస్తకం మూసి వచ్చేశాను.

మరుసటి ఆదివారం వెళ్లేసరికి ఒక కాగితం ముందేసుకుని కూర్చుంది. మూడుసార్లు మడిచింది. "ఎనిమిది పొరలు. రెండు ఘాతం మూడు. అవునా?" ఇంకో రెండు మడతలేసింది. "ముప్పై రెండు. మూడు మడతల మీద రెండేస్తే ఐదే కదే! ఆరెలా వేశానో, నా మొహం!" అని పకపకా నవ్వింది. తర్వాత ఒక్కో మడతా విప్పుతూ పోయింది. పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు. చివరి మడత కూడా విప్పి, కాగితాన్ని అరచేత్తో చదును చేసి నా ముందుకు తోసింది.

"ఇప్పుడు మడతలు సున్న. మరి కాగితం ఉందా, ఎగిరిపోయిందా?"

పద్నాలుగేళ్లుగా పిల్లలు ఇదే ప్రశ్న అడిగితే రూలంటూ దాటేస్తున్నాను. సిగ్గేసింది. పిన్నిని చూస్తే గర్వంగానూ ఉంది.

లెక్కల్లో యాభై ఎనిమిది వచ్చాయి. మార్కుల షీటు తెచ్చుకోవడానికి ఇద్దరం వెళ్లాం. సంచిలో పట్టడం లేదని దాన్ని మధ్యకు మడవబోయాను. పిన్ని చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఆగవే! ఇన్నేళ్లూ అందరి కాగితాలూ మడిచాను. ఇది మాత్రం మడవను. రేపు మేనేజరు బల్ల మీద ఇలాగే పెట్టాలి."

రెండు అట్టల మధ్య దాన్ని పెట్టుకుని, బస్సు దిగేదాకా ఒళ్లో రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.