మూడో గీత రంగు

రేడియో మేస్త్రికి కళ్లు మసకబారుతున్న సంగతి ఆయనకీ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలిస్తే కొట్టుకు ఎవరూ రారని ఆయన భయం. రోజూ దండం పెట్టుకునేటప్పుడు, చూపు ఉన్నంతే ఉంచమని అడిగేవాడు. పెంచమని అడగడానికి మొహమాటం. పని చెడితే తప్పు విడిభాగాల మీదికి నెట్టేవాడు. అవి ఎదురు చెప్పవు గదా.

పక్క గదిలో అక్క కుట్టుమిషను. మధ్యాహ్నం కరెంటు పోతే సూది మొన కనపడడం లేదని, పాత స్కూటర్ బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ దీపం ఒకటి చేసిమ్మంది.

"అదెంత పనక్కా," అన్నాడు మేస్త్రి.

నిజంగానే పెద్ద పని కాదు. బ్యాటరీది పన్నెండు వోల్టులు, దీపానికి మూడు చాలు. మిగతా తొమ్మిదీ దారిలోనే మింగేయడానికి బియ్యపుగింజంత రెసిస్టర్ ఒకటి పెట్టాలి. దాని విలువ ఒంటి మీది రంగు గీతలే చెబుతాయి. మేస్త్రి డ్రాయరు కెలికి పసుపు, ఊదా, గోధుమ గీతలున్న ముక్క తీసి అతికాడు. మీటరు పెట్టి చూసుకోవడం చేతకానివాళ్ల పని అని ఆయన నమ్మకం.

దీపం భగ్గున వెలిగి, నీలంగా మారి, చచ్చింది.

"నాసిరకం సరుకు," అన్నాడు.

రెండోదీ అదే దారి పట్టింది.

"ఇదీ నాసిరకమేనా?"

"ఒక పెట్టెలోవేగా."

మూడోది కూడా పోయాక అక్క స్టూలు దగ్గరికి లాక్కుంది. "ఆ ముక్క ఇలా ఇవ్వరా." కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. ముప్పై ఏళ్లుగా గుడ్డ రంగుకు దారం రంగు కలిపిన మనిషి. "ఈ మూడో గీత ఏ రంగుండాలి?"

"గోధుమ."

"ఇది నలుపు."

నలుపైతే దాని బలం పదో వంతే. కాపలాకు పెట్టినవాడు తలుపు తీసి పడుకున్నట్టే.

"ఎన్నాళ్లనుంచి?" అంది అక్క, ముక్క వైపే చూస్తూ.

"ఏది?"

"నీకు తెలుసు."

"పోయిన వానలప్పటినుంచి."

అక్క తెల్లగుడ్డ పరిచి, డ్రాయరు బోర్లించి, గుండీలు ఏరినట్టు ముక్కలు ఏరింది. సరైనది దొరకగానే ఆయన అరచేతిలో పెట్టింది. ఈసారి వెలిగిన దీపం వెలుగుతూనే ఉంది.

"రేపు కళ్లద్దాలకు పోదాం. అందాకా రంగులు నేను చూస్తాలే."

అప్పుడే పాలవాడు రేడియో పట్టుకొచ్చాడు. "మూగబోయింది మేస్త్రీ."

మేస్త్రి మూత విప్పి, గొంతు సవరించుకున్నాడు. "నాకు చూపు తగ్గింది. గీతలు మా అక్క చూస్తుంది, అతకడం నేను. ఇష్టమైతేనే ఇవ్వు."

"ఎవరు చూస్తే నాకేంటి? సాయంత్రం వార్తలు వినపడాలి," అన్నాడు పాలవాడు, అరుగు మీద కూర్చుంటూ.

అక్క రేడియో మీదికి వంగింది. "ఎరుపు, ఎరుపు, పసుపు."