కొల్లేటి ఎండలో ముప్పై ఆరు ఫొటోలు

పెంటపాడులో ఆ ఫొటో స్టూడియో నిత్యానందానిది. లోపలి పనంతా పదిహేనేళ్లుగా భార్య రత్నమాణిక్యమే చూసేది. పాస్‌పోర్టు ఫొటోలు తీసేది, ఆల్బమ్‌లు అంటించేది. కెమెరా పట్టుకుని ఎండలోకి మాత్రం ఎన్నడూ వెళ్లలేదు. 2003 ఏప్రిల్లో అతను మోటారు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ ఆదివారమే కొల్లేటి ఒడ్డున బాప్తిస్మాలు. ఫొటోలు తీస్తానని అతను మాటిచ్చేశాడు కాబట్టి ఆవిడే బయల్దేరింది.

తొమ్మిదింటికే నీళ్లకేసి కళ్లు విప్పి చూడలేకపోయింది. కెమెరాలో మీటరు ముల్లు చివరికంటా పోయింది. వెలుతురు ఎక్కువగా ఉంది, లెన్సు బాగా మూసెయ్యమని దానర్థం. కానీ సూర్యుడు మనుషుల వెనకాల ఉన్నాడు. మొహాలన్నీ నీడలో ఉన్నాయి. ముల్లు మాట వింటే నీళ్లు బాగానే పడతాయి, మనుషులు బొగ్గుల్లా వస్తారు.

ముందుగా మునగబోయేది అచ్చమ్మ, నాట్లు వేసి వేసి నడుం వంగిన ముసలావిడ. ఫొటో దిగడం ఆవిడకదే మొదలు.

"నా మొహం పడుద్దా అండీ?" అని అడిగింది నీళ్లలోకి దిగుతూ.

"పడుతుందండి," అంది మాణిక్యం.

తన అరచేతిని ఆ మొహాల్లాగే నీడవైపు తిప్పి, లెన్సు ముందు పెట్టుకుంది. వెలుతురు సరిపోయిందన్నట్టు ముల్లు మధ్యకి రావాలంటే లెన్సు మూడు గీతలు తెరవాల్సి వచ్చింది. అదే ఖాయం చేసుకుని, ఇక మీటరుకేసి చూడకుండా ముప్పై ఆరూ తీసేసింది. తప్పితే మళ్లీ తీయడానికి లేదు. రెండోసారి ఎవరూ మునగరు.

రీలు ఏలూరు కలర్ ల్యాబ్‌లో ఇచ్చింది. మూడు రోజులూ ఎవరు పలకరించినా పరధ్యానమే. నాలుగో రోజు కవరు చేతికొచ్చాక కూడా అక్కడ విప్పే ధైర్యం చాలక, బస్టాండుదాకా నడిచి బల్ల మీద కూర్చుని తీసింది.

ఆకాశం తెల్లగా ఉంది, నీళ్లూ తెల్లగానే ఉన్నాయి. మధ్యలో అచ్చమ్మ నవ్వుతోంది. బుగ్గల ముడతల్లోంచి నీళ్లు కారడం కూడా తెలుస్తోంది. గబగబా మిగతావి తిరగేసింది. ముప్పై ఆరూ వచ్చాయి. ఒళ్లంతా తేలికైపోయి లేవబుద్ధి కాలేదు. రెండు బస్సులు వదిలేసి, తీరిగ్గా చెరుకురసం తాగింది.

ఆవిడ ఇంటికొచ్చాక నిత్యానందం ఒక్కొక్కటే చూశాడు.

"ఆకాశం బొత్తిగా పోయిందే."

"పోనివ్వండి. మనుషులున్నారు కదండీ."

అతను మళ్లీ మొదటినుంచీ చూశాడు. "కాలు బాగయ్యాక కూడా బయటి పనులు నువ్వే చూసుకో," అన్నాడు.

సరేనంది.