సమయం మిగిలితే మాట్లాడేవాళ్ళు

కోట్లకు గుండీలు కుట్టే పని కనుక ఆమెకు గుండీలమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు పెట్టి పిలిస్తే తననే అని ఆమెకు చప్పున తట్టదు కూడా. ఆమె అక్క పెద్ద గుండీలమ్మ. తల్లి పోయాక చెల్లెలికి అన్నం కలిపి పెట్టిందీ, సూదిలో దారం ఎక్కించడం నేర్పిందీ అక్కే. కాంట్రాక్టరు మూటలు ఇంటికే పంపేవాడు. కిటికీ లేని గదిలో నల్ల గుడ్డ మీద నల్ల గుండీలు కుట్టీ కుట్టీ పెద్దామెకు ముందు చూపు మసకబారింది, తర్వాత పూర్తిగానే పోయింది. అదే ఫ్యాక్టరీలో పోయి ఉంటే ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవలసి వచ్చేది. ఇంట్లో పోయింది కాబట్టి ఆమె ఖర్మ అన్నారు. లోకం తీరు అలా ఏడిసింది మరి!

ఇళ్ళల్లో కూర్చుని కుట్టే ఆడవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. కాళ్ళరిగేలా తిరగ్గా తిరగ్గా, దేశదేశాల ప్రభుత్వాలు కూడి పనివాళ్ళ గురించి నియమాలు రాసే పెద్ద సభలో ఆ సంఘానికి పరిశీలకుల హోదా దొరికింది. హోదా అంటే సింహాసనం వేసి కూర్చోబెడతారనుకునేరు. ఆఖరి వరుసలో ఒక కుర్చీ, మెడలో ఒక కార్డు, చెవులకు హెడ్‌ఫోను, అంతే. ఓటు లేదు. ప్రభుత్వాలన్నీ మాట్లాడడం అయ్యాక, సమయం మిగిలితే, రెండు నిమిషాలు మాట్లాడనిస్తారు. మిగలకపోతే ఇంటికి పొమ్మంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా!

ఆ రెండు నిమిషాలకు సంఘం గుండీలమ్మను ఎంచుకుంది. సంఘం కార్యదర్శి ఒకప్పుడు లెక్కల టీచరు. ఆవిడ ఇంగ్లీషులో మాటలు రాసి, చదివి వినిపించి, అర్థం చెప్పింది. ఇంట్లో చేసే పని కూడా పనేననీ, అక్కడ పోయే కళ్ళకు కూడా ఎవరో ఒకరు బాధ్యత వహించాలనీ దాని సారాంశం. గుండీలమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా పట్టు వదలకుండా గుండీ గుండీకీ ఒక మాట చొప్పున వల్లించి, నిద్రలో లేపి అడిగినా తప్పు పోకుండా చెప్పేంతగా నేర్చుకుంది.

సభ ఫోనులో కూడా వినపడుతుందని తన కూతురు చెప్పినప్పటి నుంచీ పెద్దామెకు అదే ధ్యాస. ప్రయాణానికి ముందు చెల్లెలి చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"నువ్వేం చెప్పేదీ నాకర్థం కాకపోయినా పర్లేదే. అంతమంది మధ్యలో నీ గొంతు వినాలని ఉంది నాకు."

సభ రోజు గుండీలమ్మ ప్రాణం గోడ గడియారం మీదే ఉంది. ప్రతినిధులు అధ్యక్షుడికి కృతజ్ఞతలు చెప్పడానికే సగం సమయం తినేస్తున్నారు. చెప్పిందే చెప్పి, ముందాయన చెప్పినదానితో ఏకీభవిస్తున్నామని మళ్ళీ ఇంకోసారి చెబుతున్నారు. ముల్లు కదులుతున్నకొద్దీ కార్యదర్శి ముఖం వాడిపోసాగింది.

ఇలాంటప్పుడు ఆఖరి వరుసవాళ్ళు చేసే పని ఒకటుంది. కాస్త స్నేహంగా ఉండే ప్రభుత్వ ప్రతినిధిని పట్టుకుని తమ మాటలు ఆయన చేతిలో పెడతారు. ఆయన వాటిని తన దేశం మాటగా చదువుతాడు. మాట రికార్డులోకి ఎక్కుతుంది, మాట్లాడవలసిన మనిషి మాత్రం కూర్చునే ఉంటుంది. ఒక చిన్న దేశం ప్రతినిధి, మంచి మనిషి, అందుకు ఒప్పుకున్నాడు. కార్యదర్శి వంగి గుండీలమ్మ చెవిలో అడిగింది.

"ఇచ్చేద్దామా? నీ ఇష్టం. నువ్వు కాదంటే ఇవ్వను."

గుండీలమ్మకు అక్క గుర్తొచ్చింది. అక్కడ అక్క ఫోను చెవికి ఆనించుకుని కూర్చుని ఉంటుంది. కానీ ఇక్కడికి తనను పంపింది అక్క ఒక్కతే కాదు, ఇంకా కళ్ళు మిగిలి ఉన్నవాళ్ళంతా పంపారు. ఇచ్చేయమని తల ఊపింది. ఆయన చదువుతుంటే ఒక్కొక్క మాటా గుర్తుపట్టింది. కన్నబిడ్డను దత్తత ఇచ్చి, పరాయి ఇంట్లో ఆడుకుంటుంటే వాకిట్లోంచి చూస్తున్నట్టనిపించింది.

ఆ తర్వాత జరిగింది చూడండి. భోజనాల వేళ దగ్గరపడేసరికి మిగిలిన దొరలందరికీ ఆకలి గుర్తొచ్చింది. ఒకరి తర్వాత ఒకరు తమ వంతు వదులుకున్నారు. సమయం మిగిలింది! అధ్యక్షుడు పరిశీలకులను పిలిచాడు. అయితే ఇంతకుముందు ఎవరైనా చెప్పిన మాటలు మళ్ళీ చెప్పవద్దన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇంగ్లీషులో ఆమెకు వచ్చిన మాటలు అవే, అవి కాస్తా ఇచ్చేసింది. మైకు మీద ఎర్ర దీపం వెలిగింది. కార్యదర్శి ఏం చెప్పమనాలో తోచక బిక్కచచ్చిపోయి చూసింది. గుండీలమ్మ లేచి నిలబడి, తల ఎత్తి హాలంతా చూసి, తనకు వచ్చిన భాషలోనే మాట్లాడింది.

"అక్కా, నేనే. ఇక్కడ ఎటు చూసినా దీపాలే అక్కా. ఇందులో ఒక్కటి మన గదిలో ఉండుంటే నీ కళ్ళు పోయేవి కావు."

అద్దాల గదుల్లో అనువాదకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ భాష వాళ్ళలో ఎవరికీ రాదు. హాల్లో హెడ్‌ఫోన్లన్నీ మూగపోయాయి. అధ్యక్షుడు మర్యాదగా ధన్యవాదాలు చెప్పి, సభను భోజనానికి వాయిదా వేశాడు. ఒక పరిశీలక సంస్థ మాట్లాడిందని మాత్రం రికార్డులో రాసుకున్నారు.

గుండీలమ్మ వరండాలోకి వచ్చి ఇంటికి ఫోను చేసింది. అక్క కూతురు ఎత్తి, తల్లి చేతికిచ్చింది. చెల్లెలికి భయమేసి, సభలో ఇంటి సంగతి ఎత్తినందుకు కోపమొచ్చిందా అని అడిగింది.

"కోపమెందుకే. అంతమందిలో నన్ను అక్కా అని పిలిచావు. ఇంకోసారి పిలువు."

పిలుద్దామంటే గుండీలమ్మకు గొంతు పెగల్లేదు. అటువైపు పెద్దామె, లైను తెగిపోయిందేమో చూడమని కూతురితో అంటోంది.