మునెప్ప మీద నేను పుట్టించిన మాట

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. దించుకునే చోటు దొరక్క మీ దగ్గరికి తెచ్చాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది.

ముందు కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి, అది లేకపోతే నాకు మాట రాదు. ఉపగ్రహ చిత్రాలు చదవడంలో బెంగళూరులో నన్ను మించినవాడు లేడు. అడవిలో ఏ కొమ్మ చిగురేసిందో గదిలో కూర్చుని చెప్పేవాణ్ణి.

అబద్ధం. మా చిత్రంలో ఒక్కో చుక్క ముప్పై మీటర్ల నేల. చెట్టే కనబడదు, ఇక చిగురెక్కడ? పచ్చదనం పెరిగిందా తగ్గిందా, అంతవరకే. అది ఏ పచ్చదనమో తెలియాలంటే అడవికి పోయి, గుర్తుపెట్టిన ప్రతిచోటా నిలబడి, చూసింది ఫారంలో రాయాలి.

నగరం అంచున ఉన్న రక్షిత అడవికి అందుకే పోయాను. పాత చిత్రం కంటే కొత్తదానిలో పచ్చదనం పెరిగిందని పైవాళ్లు అప్పటికే సంబరంలో ఉన్నారు. అడవంతా కాలినడకన తిరిగానని తరువాత సభల్లో చెప్పుకున్నాను. నిజానికి జీపు ఆగినచోటే నేనూ ఆగాను. వెంట వచ్చిన కాపలాదారు మునెప్ప పొదలవైపు చెయ్యి చూపించాడు.

"యాడుండాది సార్ అడివి? అంతా లాంటానా కలుపే. జింక మూతి పెట్టదు, ఏనుగు దూరదు. గడ్డి సచ్చిపోయిందప్పా."

"ఉపగ్రహానికి పచ్చగానే కనిపిస్తోందయ్యా. అది అబద్ధమాడదు."

"దానికి ఆకలైతే కదా సార్, ఏ ఆకు తినేదో తెలిసేది!"

నవ్వేశాను. వసతి గృహం వరండాలో చిత్రాన్నం తింటూ ఫారంలో అన్ని గడుల్లోనూ 'సహజ అడవి' అని నింపాను. దాన్నిబట్టే అడవి పటం తయారుచేశాను.

ఇది సోమరితనం. దీన్ని స్నేహితులకు చెప్పి నవ్వించాను కూడా. చెప్పనిది వేరే ఉంది.

ఆ పటం మీద జరిగిన సమావేశంలో ఒక అధికారి అడిగాడు: గడ్డి పోయింది, కలుపు కొట్టించమని ఆ కాపలాదారు మూడుసార్లు రాసిచ్చాడే, మీ పటం వేరేగా ఉందేమిటి? నిజం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. అది చాలు కూడా.

"వాడు తాగుతాడండీ," అన్నాను.

ఎందుకన్నాను? నా పటం పరువు కోసమా? లేక ఆ ఆకలి మాటకు నా దగ్గర జవాబు లేకపోవడం వల్లా? గదంతా నవ్వింది. మరుసటి నెల మునెప్పను తీసేశారు. తాత్కాలిక ఉద్యోగి, కారణం కూడా చెప్పనక్కరలేదు.

బొమ్మనహళ్ళిలో ఒక బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు కుదిరాడని విన్నాను. నేనుండే యలహంక నుంచి బస్సెక్కి నాలుగుసార్లు పోయాను. కాదు, రెండే. రెండోసారి కనిపించాడు, ఎండలో నిలబడి. నేను రోడ్డు దాటలేదు. ఇప్పుడక్కడ లేడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. లాంటానా మాత్రం పెరుగుతూనే ఉంది, ఏటేటా కొత్త చిత్రంలో పచ్చదనం పెంచుతూ, నా పటమే నిజమన్నట్టు.

క్షమించమని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. మునెప్ప తాగడం నేనెన్నడూ చూడలేదు. ఆ మాట నేను పుట్టించాను.  ఇది రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.