నర్సమ్మ వరండాలో ఒక జత చెప్పులు

నిజామాబాద్, భాద్రపద మాసం, శుక్రవారం.

మా పక్కింటి నర్సమ్మ మంగళవారం పొద్దున గుండె ఆగి కన్నుమూసింది. నిన్న మూడో రోజు కార్యం జరిగింది. దానికి వచ్చిన ఒక పెద్దమనిషి మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. అందుకే దుఃఖం తగ్గేదాకా ఆగకుండా ఈరోజే రాస్తున్నాను.

ఆమె బోధన్ వైపు సర్కారు దవాఖానాలో పనిచేసి రిటైరైంది. ఆ తరువాత ఎక్కడ వరద వచ్చినా ఒక సహాయ సంస్థ ఆమెకే ఫోన్ చేసేది. శిబిరాలకు నర్సులు, ఆయాలు, వంటవాళ్ళు కావాలనేది. మనుషులను వెతకడం, చూసి పంపడం, క్షేమంగా తిరిగి రప్పించడం ఆమె పని.

మొదట్లో ఇది నాకు నచ్చలేదు. వీధిలో ఆడవాళ్ళను బండెక్కించి తెలియని చోటికి పంపే మనిషిని ఎవరైనా అనుమానించాలి. ఎక్కడ పడుకుంటారు, ఎవరు తెచ్చి దింపుతారు అని గేటు దగ్గరే నిలబెట్టి అడిగాను. ఆమె నొచ్చుకోలేదు.

"మంచిగడిగినవ్ టీచరక్కా. గివే నేనడిగితే సంస్థోళ్ళు ముఖం మాడ్సుకుంటరు. ఇగ నువ్వే అడుగు," అంది. తరువాత వాళ్ళ మనిషి వచ్చిన రోజు తన పక్కనే నాకూ కుర్చీ వేసింది. అప్పటినుంచి ఆ కుర్చీ నాదే.

అనుమానంలో ఆమె నన్ను మించినది. శిబిరానికి పోతానని పేరిచ్చిన మనిషి ఇంటికి చెప్పకుండా పోయేది, అదీ పొయ్యి మీద కూర ఉడికే వేళ. చాయ్ తాగుతూ ఆ ఇంట్లో ఎవరు మాట్లాడటం లేదో కనిపెట్టేది. "అందరు సరే అన్నరంటే ఎవరో ఒకరు నోరు మూసుకున్నరన్నట్టు. వాళ్ళతోని మాట్లాడినంకనే తీస్కపోత," అనేది. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చినవాళ్ళను అందరికంటే చివర పిలిచేది. బాల్కొండ నుంచి ఒకడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, పేపర్లో ఫోటో పడుతుందా అని అడిగాడు. "ఫోటోల పడెటోళ్ళు గాదు బిడ్డా, పాయిఖాన కడిగెటోళ్ళు గావాలె," అని చాయ్ పోసి పంపించింది. అతను చాయ్ పూర్తిగా తాగాడో లేదో నాకు గుర్తు లేదు.

ఆమె నియమాల్లో పెద్దది జోడీ. అది చెరకు చేలల్లో చూసింది. కోతలకు మహారాష్ట్ర నుంచి వచ్చే గుంపుల్లో ఇద్దరిని కలిపి ఒకటిగా లెక్కపెడతారు. ఒకరు నరికితే ఇంకొకరు కట్ట కడతారు. ఒకరు మంచం పడితే ఇద్దరి పనీ ఆగుతుంది. వరదకైనా అంతే అనేది నర్సమ్మ. ఒంటరిగా ఎవరూ పోకూడదు, ఒకరు వెనక్కి వస్తే రెండో మనిషీ రావాలి. సంస్థవాళ్ళు కూడా ఆ లెక్కే పట్టుకున్నారు. ఇద్దరు మనుషులను ఒకటిగా రాయడం నాకు సరిపడలేదు. ఒకటికి ఒకటి అని పిల్లలకు నేర్పినదాన్ని నేను. ఆమె నవ్వింది. "రాసుడు వాళ్ళ పని అక్కా. మనం చెప్పులు చూద్దాం."

ఆ చెప్పుల సంగతి మా వీధికంతా తెలుసు. పోయేవాళ్ళు బూట్లు వేసుకుని, ఇంట్లో తొడుక్కునే చెప్పులు ఆమె వరండాలో బెంచీ కింద వదలాలి. బండి కదిలాక ఆమె ఒక్కొక్క జతనూ వీధి వైపు తిప్పి పెట్టేది. అలసి వచ్చినవాళ్ళు వాటిని తిప్పుకునే పని లేకుండా తొడుక్కుని ఇంటికి పోవాలని. చెప్పులు బెంచీ కింద ఉన్నన్ని రోజులు ఆ వరండా తానే ఊడ్చేది, పనిమనిషిని ముట్టనిచ్చేది కాదు.

ఈసారి వరదకు పోయినవాళ్ళలో మోర్తాడ్ ఊరి వంటామె పోయిన ఆదివారం జ్వరంతో తిరిగివచ్చి తన చెప్పులు తొడుక్కుపోయింది. ఆమె జోడీ ఎడపల్లి ఆయా రాలేదు. శిబిరంలో పని ఎక్కువగా ఉందని ఆపారట, తరువాత వచ్చే వెనకబండిలో పంపుతామన్నారట. సోమవారం మాపటికల్లా నర్సమ్మ ఎన్నోసార్లు ఫోన్ చేసింది. గోడ మీదుగా నాతో అన్న చివరి మాట ఇదే. "ఎడపల్లిదాని చెప్పులు ఇంక ఈడ్నే ఉన్నయక్కా. నాకు మంచిగ అనిపిస్తలేదు." మర్నాడు ఆమే లేదు.

నిన్న వచ్చిన పెద్దమనిషి ఆ సంస్థవాడు. దండ వేశాడు, కళ్ళు తుడుచుకున్నాడు. తరువాత నా పక్కన కూర్చుని వచ్చే సోమవారం బండికి కొత్త జోడీలు కావాలన్నాడు. పోయినవాళ్ళు వచ్చారా అని అడిగాను.

"జోడీలన్ని వచ్చినయమ్మా. ఒక్కటి గూడ ఆగలే."

బెంచీ కింద ఆకుపచ్చ రబ్బరు చెప్పులు చూపించాను. కార్యానికి వచ్చినవాళ్ళవై ఉంటాయన్నాడు. మనుషుల పేర్లు విడివిడిగా చదవమన్నాను. ఫోన్ తీశాడు. మోర్తాడ్ వంటామె వచ్చిందని అందులోని పట్టీలో ఆ జోడీ మొత్తం వచ్చినట్టు టిక్కు పెట్టేశారు. ఆయా పేరు విడిగా ఎక్కడా లేదు. అతని గొంతు తగ్గింది. శిబిరానికి ఫోన్ చేస్తే ఆమెను ఇంకో ఊరికి మార్చామన్నారు. ఏ ఊరంటే చెప్పేవాళ్ళు లేరు. నా మనవరాలు పొద్దుటినుంచీ ఆయా నంబరు కలుపుతోంది. "స్విచాఫ్ వస్తుందవ్వా," అంటోంది. ఎడపల్లిలో ఆమె తల్లి మాత్రం వెనకబండి కోసం చూస్తోంది.

ఇద్దరిని ఒకటిగా లెక్కపెట్టడం నర్సమ్మ దగ్గర నేర్చుకున్నారు. చెప్పులు చూసుకోవడం నేర్చుకోలేదు. ఆమె ఉంటే ఇప్పటికి ఆ శిబిరం గేటు ముందు కూర్చునేది. ఆమె వేసిన కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి ఇక జరగవలసింది రాస్తున్నాను.

1. ఆయా ఏ ఊరిలో ఉందో సంస్థవారు రేపటిలోగా చెప్పాలి. ఆమె గొంతు ఆమె తల్లి వినాలి. "బాగనే ఉంది" అని ఇంకొకరు చెబితే ఒప్పుకోను.

2. ఆమెను తేవడానికి ఇక్కడినుంచే బండి పోవాలి. అందులోనూ ఇద్దరు పోవాలి. ఒకరు నా మనవరాలు. మా ఇంట్లో నోరు మూసుకున్నవాళ్ళు ఎవరో నేను కనుక్కున్నాను, మాట్లాడాను.

3. ఆమె వచ్చేదాకా కొత్తవాళ్ళను పంపం. అక్కడ అవసరం ఉందని తెలుసు. తిరిగి తెస్తారన్న నమ్మకం పోతే ఇక ముందు పోయేవాళ్ళే ఉండరు.

4. ఇకమీదట జోడీగానే పోవాలి, కానీ ఒక్కొక్కరి పేరూ విడిగా ఉండాలి.

5. నర్సమ్మ కొడుకు ఇల్లు కడిగిస్తానంటున్నాడు. కడిగించుకోవచ్చు. వరండాలో బెంచీ కింద మాత్రం ఎవరూ చెయ్యి పెట్టకూడదు. రాత్రి జల్లుకు ఆ చెప్పులు తడిశాయి. తడిసినా వీధి వైపే ఉన్నాయి, ఆమె తిప్పి పెట్టినట్టే.