కాన్పు గదికి ఒక్క పేరు

మొన్న మా చెల్లెలిని ప్రొద్దుటూరులో ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడి నర్సమ్మ ఒక కాగితం చేతికిచ్చి, కాన్పు గదిలో నీ పక్కన ఎవరుంటారో ఒక్క పేరు రాసి తెమ్మంది. ఇంటికొచ్చి, రాద్దామని నేనే పెన్ను పట్టుకున్నాను. ఏడేళ్ళ కిందట కువైట్‌లో ఇట్లాంటి కాగితమే నా చేతికీ వచ్చింది. అప్పుడు నేను పడిన అవస్థ విని, బిడ్డల్ని కన్నవాళ్ళు నవ్వుతారో, అయ్యో అంటారో నాకిప్పటికీ తెలియదు.

మా ఆయనది అక్కడ ఏసీలు బాగుచేసే పని. ఏడో నెలలో జమ్మలమడుగుకు, అమ్మ దగ్గరికి వచ్చేద్దామనుకున్నాను. తొలి కాన్పు పుట్టింట్లో కాక ఇంకెక్కడ? అందులోనూ మా వీధిలో ఏ బిడ్డ పుట్టినా, కాళ్ళు చాపుకుని పిల్లను వాటి మీద పడుకోబెట్టుకుని తొలి నీళ్ళు పోసేది మా అమ్మే. కానీ బీపీ ఎక్కువుంది, విమానం ఎక్కొద్దంది డాక్టరమ్మ. అమ్మను పిలిపిద్దామంటే వీసా రాలేదు. ఏం చేయాలో తోచక కూర్చుంటే, ప్రతి శుక్రవారం గర్భిణులకు క్లాసులున్నాయి, రమ్మన్నారు.

కనడానికి కూడా క్లాసులేమిటో నాకు అర్థం కాలేదు. పదో తరగతి తప్పినదాన్ని, చివర్లో పరీక్ష పెడతారేమోనని నోటుబుక్కు కూడా కొనుక్కుని పోయాను. చెప్పే నర్సుది కేరళ, హిందీలో చెప్పేది. మా వీధి సాయిబుల ఇళ్ళలో నేర్చుకున్న ఉర్దూ ఉంది కదా అని ధైర్యం చేశాను గానీ, నా ఉర్దూ చక్కెర బదులు అడగడానికి సరిపోయేదే తప్ప, నొప్పుల సంగతికి చాలలేదు. పైగా లోపల ఒక్కొక్కరి వెనకాల వాళ్ళ మొగుడు కూర్చుని నడుం రుద్దుతున్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. మా ఆయన్ను బయటే ఉండమన్నాను. రెండు క్లాసులూ ఒక్కదాన్నే గోడకు ఆనుకుని కూర్చుని, అందరూ ఊపిరి పీల్చినప్పుడు వదులుతూ, వదిలినప్పుడు పీలుస్తూ గడిపాను.

రెండో వారం ఇంటికొచ్చేటప్పుడు కారులో అదే చేస్తుంటే మా ఆయన నవ్వాడు.

"అట్ల గాదుమే. ముక్కుతో పీల్చుకోని నోటితో ఇడ్సాల. వేడి టీ ఊదుకుంటాం సూడు, అట్ల."

"నీకెట్ల తెల్సు మామా?"

"తలుపుకు అద్దముండాది గదా."

"సిగ్గులేదా, ఆడోళ్ళ క్లాసు తొంగి సూస్తాండావు?"

"లోపల ఏడుగురు మొగోళ్ళు కూచ్చోనుండారు. సిగ్గు నాకొక్కనికేనా?"

ఆ తర్వాతి వారమే కాగితం ఇచ్చారు. నేను ఆలోచించకుండా అమ్మ పేరు రాశాను. మా దిక్కు మగవాళ్ళు ఆ గది ఛాయలకు రారు, మరి ఇంకెవరి పేరు రాస్తాను? మీ అమ్మ ఎక్కడుంది, ఇక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుంది అని అడిగింది నర్సు. జమ్మలమడుగులో అన్నాను. పేరున్న మనిషినే లోపలికి పంపుతాం, ఆ మనిషి రాకపోతే నువ్వు ఒక్కదానివే ఉండాలి అని మెల్లగా చెప్పింది.

బయటికొచ్చి ఆ మాట చెబితే, మా ఆయన కాగితం చూసి మడిచి నా చేతికే ఇచ్చేశాడు.

"అత్త పేరే ఉండనీలే. నేను తలుపుకాడ నిలబడతా. అద్దముంటే సాలు."

కాన్పు గది తలుపుకు అద్దం లేదని నేను అప్పటికే చూసుకున్నాను. రెండు రోజులు ఆ కాగితం దిండు కింద పెట్టుకుని, మూడో రోజు అమ్మ పేరు కొట్టేసి ఆయన పేరు రాశాను. రాసేటప్పుడు ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంది. నొప్పులొచ్చిన రోజు క్లాసులో విన్నదొక్కటీ గుర్తు రాలేదు. ఆయన తలకాడ నిలబడి టీ ఊదినట్టు ఊదుతుంటే, ఆ ముఖం చూస్తూ నేనూ ఊదాను. ఆడపిల్ల పుట్టింది.

ఫోన్లో చెబితే అమ్మ ముందుగా అడిగింది బిడ్డ సంగతి కాదు.

"అల్లుడు లోపలికొచ్చినాడా? యాడ నిలబడినాడు?"

"నా తలకాడమ్మా."

"నువ్వు పుట్టినప్పుడు మీ నాయన ఆస్పత్రి గేటుకాన్నే కూచ్చున్యాడు. పిలుచ్చే వచ్చునేమో. ఎవురూ పిలవల్యా."

ఇవన్నీ తలుచుకుంటూ నేను పెన్ను పట్టుకుని ఉంటే, చెల్లెలు నా చేతిలోని కాగితం లాక్కుని టకటకా వాళ్ళాయన పేరు రాసేసింది. దానికి ఆలోచనే అవసరం పడలేదు. సంతోషించాల్సిన మాటే, కాదనను. కానీ పుట్టబోయే బిడ్డకని ఉతికిన పాత చీర గుడ్డలు మడతపెడుతూ అమ్మ అక్కడే, చేయి చాపితే అందేంత దూరంలో కూర్చుని ఉంది. ఆ రోజు సముద్రం అవతలున్న అమ్మ పేరు రాసి కొట్టేశాను. ఈ రోజు ఎదురుగా ఉన్న మనిషి పేరు రాయాలని ఎవరికీ తట్టనే లేదు. ఎవరి పక్షాన మాట్లాడాలో తెలియక నేను అమ్మ వైపు చూశాను.

అమ్మ తలెత్తకుండానే ఇంకో గుడ్డ అందుకుంది.

"నేను గేటుకాన్నే కూచ్చుంటాలే. ఆడ నీడుంటాది."